రాత్రిపూట చింత చెట్టు దగ్గర ఈ కూత దేనిది? (సిరొంచ వైపు)

చెలక_గట్టు
మా ఊరు మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డు. హోళీ దాటినప్పటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్య ఒక కూత మొదలవుతోంది. ముందు "టక్ టక్ టక్ టక్ టుర్ర్ర్" అని వస్తుంది. కాసేపు ఆగుతుంది. ఆ తర్వాత "హువా... వువువువు" అని వణుకుతూ ఒక గొంతు, ఏడుపో నవ్వో చెప్పలేం. ఇంటి వెనక చింత చెట్టు వైపు నుంచే వస్తుంది. చెట్టు మా పెద్దనాన్న వాళ్లది. పెద్దమ్మకు నిద్ర పట్టడం లేదు, ఇంట్లో ఎవరికో మూడిందని ఒకటే టెన్షన్. చెట్టు కొట్టించేస్తామని రంపం వాళ్లతో మాట్లాడేశారు కూడా. ఆ చెట్టు చింతపండే మా మూడిళ్లకూ ఏడాదంతా వస్తుంది. "అది పిట్టే పెద్దమ్మా" అంటే "ఏ పిట్టో చెప్పు మరి" అంటోంది. టార్చి వేసి చూస్తే ఏమీ కనబడలేదు. ఎవరికైనా తెలుసా?

నైట్‌షిఫ్ట్
రికార్డింగ్ ఏది? "టక్ టక్" చదివి పేరు చెప్పమంటే ఎవరి చేతా కాదు.

అహేరి_అల్లుడు
తీతువు పిట్ట. రాత్రి ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతే కీడని మా అత్తగారి ఊళ్లో కూడా అంటారు. మీ పెద్దమ్మ అన్నదాంట్లో తప్పేం లేదు.

బరంపురం_బుల్లోడు
తీతువు "టక్ టక్" అనదు. అది గొంతు చించుకుని "టిట్టి టిటీ టిట్" అంటుంది. పైగా చెట్టు మీద వాలే పిట్ట కాదు, నేల మీదే తిరుగుతుంది, నేల మీదే గుడ్లు పెడుతుంది. కుక్కో నక్కో మనిషో గూడు దగ్గరికి వస్తే లేచి అరుస్తుంది. రాత్రి ఎవరో దొంగతనంగా నడిచారని అర్థం తప్ప చావు కబురు కాదు.

అహేరి_అల్లుడు
దొంగ వస్తే కీడు కాదా అన్నా 😀

చింతచిగురు
నాకు తెలిసి టక్ టక్ అనేది కంసాలి పిట్ట. మా జైపూర్‌లో రావి చెట్టు మీద రోజంతా టుక్ టుక్ టుక్ అని కొడుతూనే ఉంటుంది. ఆకుపచ్చ ఒళ్లు, నుదుటి మీద ఎరుపు.

నైట్‌షిఫ్ట్
చింతచిగురు గారూ, ఆ "రోజంతా" అన్న మాటే చూడండి. కంసాలి పిట్ట పగటి పిట్ట. పొద్దుగూకితే కొట్టు కట్టేస్తుంది.

గుణుపురం_గోపి
కప్ప అయితే? చెట్టు కప్ప ఒకటుంది, బాత్రూముల్లోకి వచ్చి గోడకు అతుక్కుంటుంది చూశారా, గోధుమ రంగుది. అది "టక్ టక్ టకటకటక" అంటే చెక్క మీద ఎవరో కొడుతున్నారనుకుంటాం. మా ఇంట్లో నీళ్ల డ్రమ్ము వెనక చేరి, వాన పడ్డ రాత్రల్లా ఇదే గోల. తలుపు ఎవరు కొడుతున్నారని మా నాన్న లేచి తీసేవాడు.

బరంపురం_బుల్లోడు
మార్చిలో సిరొంచలో వానేది గోపీ? నేల బీటలు వారి ఉంటుంది. ఆ కప్ప నీటి పైన కొమ్మకో గోడకో నురుగు గూడు కట్టి గుడ్లు పెడుతుంది. పిల్లలు కింద నీళ్లలో పడాలి. నీళ్లు లేని కాలంలో కూసి ఏం లాభం దానికి?

గుణుపురం_గోపి
ఇంటి వెనక తొట్టి ఉంటే? చేను తడుపుతుంటే? ఎండాకాలం మా పెరట్లో ఒకటి కూసింది, అందుకే అంటున్నా. చెలక_గట్టు గారూ, చెట్టు కింద నీళ్లున్నాయా?

చెలక_గట్టు
చెట్టు కింద నీళ్లు లేవు. ఇటు పక్క మా ఇల్లు, అటు పక్క కోసేసిన మిర్చి చేను, దాని వెనక బీడు, ఆ తర్వాత ఏటి ఒడ్డు. తొట్టి ఉంది కానీ అది పశువుల కొట్టం దగ్గర, ఇంకో మూల.

పర్లాకిమిడి_పంతులు
చెలక_గట్టు గారూ, మీ మొదటి పోస్టు మళ్లీ చదివాను. అందరూ ఒకటే జంతువు అనుకుని వెతుకుతున్నారు. నాకు అందులో రెండు కనిపిస్తున్నాయి. "టక్ టక్ టక్ టక్ టుర్ర్ర్" ఒక గొంతు, "హువా వువువు" ఇంకో గొంతు. ఒకటి ఆగాక ఇంకొకటి వస్తోంది కాబట్టి చీకట్లో ఒక్కటే అనిపిస్తుంది. ఇవాళ రాత్రి ఒక పని చేయండి. మేడ మీద నిలబడి కళ్లు మూసుకోండి. మొదటి శబ్దం వచ్చినప్పుడు అటు చెయ్యి చాపండి, రెండోది వచ్చినప్పుడు ఇంకో చెయ్యి. రెండు చేతులూ ఒకే వైపు ఉన్నాయా? శబ్దం నేల మీద నుంచా, పై నుంచా? టక్ టక్‌లు సమానంగా వస్తున్నాయా, చివర్లో వేగం పెరుగుతోందా? పేరు సంగతి తర్వాత.

నైట్‌షిఫ్ట్
పంతులు గారు క్లాసు మొదలెట్టారు 🙏

బీట్_డైరీ
చేతులు చాపడం బాగానే ఉంది కానీ మేడ దిగొద్దు. నేను గడ్చిరోలి అడవుల్లో చాలా ఏళ్లు డ్యూటీ చేశాను. ఇది ఇప్పపువ్వు రాలే కాలం. పువ్వు కోసం ఎలుగుబంట్లు ఊరి చివరి చెట్ల దాకా వస్తాయి. తెల్లవారుజామున పువ్వు ఏరబోయి దెబ్బ తిన్నవాళ్లను చూశాను. పైగా మన జిల్లాలో పులులు కూడా పెరిగాయి. పిట్ట పేరు కోసం రాత్రి ఒంటరిగా అడవి వైపు పోయే పని పెట్టుకోకండి.

అహేరి_అల్లుడు
2021 నుంచి ఏనుగులు కూడా వచ్చాయి కదా సార్ ఛత్తీస్‌గఢ్ మీదుగా. టక్ టక్ అంటే అవి కాదుగా.

బీట్_డైరీ
ఏనుగు వస్తే టక్ టక్ కాదు తమ్ముడూ, ఫట్ ఫట్‌మని వెదురు విరుగుతుంది. అవి ఎక్కువగా తిరిగేది ఉత్తరం వైపు తాలూకాల్లో.

చెలక_గట్టు
చేశాను పంతులు గారూ. మీరన్నట్టే రెండు చేతులు రెండు వైపులు! టక్ టక్ బీడు వైపు నుంచి, కింద నుంచి వస్తోంది. ఏడుపు గొంతు చింత చెట్టు పై కొమ్మల్లోంచి. టక్ టక్ మొదట్లో నింపాదిగా నాలుగైదు, చివర్లో గబగబా కలిసిపోయి "టుర్ర్". ఫోన్లో రికార్డు చేశాను, పెడుతున్నా. ఊళ్లో కుక్కలు కూడా పడ్డాయి, క్షమించాలి.

నైట్‌షిఫ్ట్
విన్నాను. కుక్కలే హీరోలు. కానీ టక్ టక్ మాత్రం స్పష్టంగా ఉంది, గట్టి నేల మీద గోళీ వదిలితే ఎగిరెగిరి ఆగినట్టు. ఇది నైట్‌జార్, రాత్రి నేల మీద కూర్చుని కూసే పిట్ట. ఇండియన్ నైట్‌జార్ అని నా ఓటు.

కొరాపుట్_కాఫీ
నైట్‌జార్ సరే, ఏ నైట్‌జార్? మా వైపు కనీసం మూడు రకాలున్నాయి. పెద్ద తోక నైట్‌జార్ "చౌంక్... చౌంక్" అని విడివిడిగా, ఆగకుండా చాలాసేపు కొడుతుంది. అడవి నైట్‌జార్ "చుక్కు చుక్కు చుక్కు" అని వేగంగా, సమానంగా. నేను మెర్లిన్‌లో, అదే కూత విని పిట్ట పేరు చెప్పే యాప్‌లో పెట్టి చూస్తే ఒకసారి ఇండియన్ అంది, ఇంకోసారి అడవి నైట్‌జార్ అంది.

నైట్‌షిఫ్ట్
ఫోన్ స్పీకర్లో వినిపించి ఇంకో ఫోన్‌తో పట్టుంటారు. దానికి అసలు గొంతు కావాలి. చివర ఆ గబగబా దొర్లే ముక్క మీరు చెప్పిన రెండింటికీ లేదు. ఇండియన్ నైట్‌జార్‌కు ఉంది. ఇక వేరే ఆధారం ఎందుకు?

కొరాపుట్_కాఫీ
మనం చెవులతో వింటాం, అది బొమ్మ చూస్తుంది. యాప్‌లో శబ్దం గీతల్లా కనబడుతుంది కదా, అందులో ముందు విడివిడి చుక్కలు, చివర చిక్కటి గీత. నేనూ అదే చూశాను. మీతో ఒప్పుకుంటున్నా కానీ "ఇక వేరే ఆధారం ఎందుకు" అన్నదానితో కాదు.

గుణుపురం_గోపి
నా కప్ప పోయిందన్నమాట. యాప్ కప్పను ఎందుకు చెప్పలేదు మరి?

కొరాపుట్_కాఫీ
మెర్లిన్‌కు పిట్టలే తెలుసు గోపీ. కప్పనో ఇలకోడినో వినిపిస్తే ఊరుకుంటుంది, లేదంటే ఏదో ఒక పిట్ట పేరు అంటగడుతుంది. కప్పల శబ్దాలు ఐనాచురలిస్ట్ సైట్‌లో పెట్టు, మనుషులు విని చెబుతారు. ఇంకోటి, మెర్లిన్‌లో మన ప్రాంతం ప్యాక్ ముందే దింపుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. సిరొంచ వైపు సిగ్నల్ సంగతి తెలుసు కాబట్టి చెబుతున్నా.

బీట్_డైరీ
టక్ టక్ గురించి ఇంత చర్చ అక్కర్లేదు. మా మరాఠీ గార్డులు దీన్ని రాత్వా అంటారు. రాత్రి జీపులో పోతుంటే మట్టి రోడ్డు మధ్యలో కూర్చుని ఉంటుంది. లైటు పడితే కళ్లు ఎర్రగా నిప్పు కణికల్లా వెలుగుతాయి. టైరు కిందకు వచ్చేదాకా లేవదు. పగలు ఎండుటాకుల మీద కూర్చుంటే పక్క నుంచి నడిచిపోయినా కనబడదు, రంగంతా ఆకుల రంగే. గూడు కట్టదు, నేల మీదే రెండు గుడ్లు. బీడు దున్నేటప్పుడు కాస్త చూసుకోమనండి. రాత్రంతా పురుగులు, రెక్కల చీమలు, పేడ పురుగులు ఎగురుతూనే పట్టుకుని తింటుంది. అంతే. మనిషిని ఏమీ చేయదు.

చెలక_గట్టు
బాగుంది, సగం తేలింది. పెద్దమ్మకు చెప్పాను. "టక్ టక్ నాకు భయం లేదురా, ఆ ఏడ్చేదాని సంగతి చెప్పు" అంది.

చింతచిగురు
పెద్దమ్మ గారు సూటిగా మాట్లాడతారు, నాకు నచ్చారు.

బరంపురం_బుల్లోడు
రెండోది కచ్చితంగా గుడ్లగూబల్లో ఒకటి. ఏటి ఒడ్డు కాబట్టి చేపల గూబ అయి ఉండాలి. గోదావరి, ప్రాణహిత ఒడ్డున పెద్ద చెట్ల మీద అవి ఉంటాయి. లావు గొంతు, "బూమ్ హు హు".

పర్లాకిమిడి_పంతులు
బుల్లోడు గారూ, రికార్డింగు మళ్లీ వినండి. చేపల గూబ గొంతు లోతుగా, పొట్టలోంచి వస్తుంది, వణకదు. రాతి గుట్టల్లో ఉండే పెద్ద కొమ్ము గూబ "బూ... బోఓ" అని రెండు ముక్కల్లో అంటుంది, రెండోది కాస్త సాగుతుంది. అదీ వణకదు. తెల్ల గూబ, అదే గుళ్లలో పాత మిద్దెల్లో ఉండేది, బట్ట చించినట్టు కీచుమంటుంది. పైడికంటి గూబలు జంటగా కిచకిచలాడతాయి, అవి అందరికీ తెలుసు. ఇది పైకి లేచి వణుకుతూ కిందకు జారుతోంది. ఇలా కూసేది మాటిల్డ్ వుడ్ ఔల్ అనే గూబ. దానికి ఇష్టమైన చోట్లు ఊరి పక్క మామిడి తోపులు, పాత చింతలు. నేను విన్నవన్నీ ఊరి దగ్గర చెట్లలోనే. ఈ కూత విని దయ్యం అనుకోని ఊరు ఉండదు.

నైట్‌షిఫ్ట్
మహారాష్ట్ర కదా, అడవి పైడికంటి గూబ (ఫారెస్ట్ ఔలెట్) కావచ్చు కదా! ప్రపంచంలో మధ్య భారతంలోనే దొరికే రకం. 1884 తర్వాత ఎవరికీ కనబడక పోయిందనుకుంటే 1997లో షహాదా దగ్గర మళ్లీ దొరికింది. సిరొంచలో అదే అయితే పేపర్లో పడతాం.

పర్లాకిమిడి_పంతులు
ఆశ మంచిదే కానీ అది టేకు అడవి పిట్ట. మేల్‌ఘాట్, సాత్పుడా వైపు. ఎక్కువగా పగలే వేటాడుతుంది, పగలే కనబడుతుంది. రాత్రి పది గంటలకు ఇంటి వెనక చింత చెట్టు దాని అడ్రసు కాదు.

అహేరి_అల్లుడు
పేరు ఏదైతే ఏంటి సార్, గూబ గూబే. మా ఊళ్లో గూబ ఇంటి మీద వాలిన వారానికే మా మామయ్య పోయాడు. ఇన్ని తరాల వాళ్లు ఊరికే అన్నారంటారా?

కొరాపుట్_కాఫీ
మీ మామయ్య గారి విషయం బాధాకరం. కానీ ఆ గూబ అంతకు ముందు ఎన్ని రాత్రులు కూసిందో ఎవరూ లెక్క పెట్టలేదు కదా. అది రోజూ కూస్తుంది. ఎవరైనా పోయిన వారమే మనకు గుర్తుంటుంది.

అహేరి_అల్లుడు
లెక్కలు మీకు బానే వస్తాయి. రాత్రి ఒంటరిగా ఆ చెట్టు కింద పడుకుని చెప్పండి అప్పుడు.

గుణుపురం_గోపి
ఎలుగు వస్తుందని బీట్_డైరీ గారు పడుకోనివ్వరు 😀

బరంపురం_బుల్లోడు
ఇక్కడ అసలు సమస్య అది కాదు. పెద్దమ్మ గారికి "మూఢనమ్మకం" అని ఉపన్యాసం ఇస్తే చెట్టు రేపే పడుతుంది. ఏదైనా కళ్లకు చూపించాలి. పంతులు గారూ, పగటి పూట ఆనవాళ్లు ఏమైనా ఉంటాయా?

పర్లాకిమిడి_పంతులు
ఉంటాయి. తెల్లవారాక చెట్టు కింద చూడండి. మొదలు మీద, కింది కొమ్మల మీద సున్నం చల్లినట్టు తెల్లటి రెట్ట చారలు ఉంటే దాని నేరుగా పైన అది కూర్చుంటోందన్నమాట. అక్కడే బూడిద రంగు ఉండలు వెతకండి, బొటనవేలంత ఉంటాయి. గూబ ఎలుకను ముక్కలుగానో అలాగేనో మింగేస్తుంది. బొచ్చూ ఎముకలూ అరగవు, వాటిని ఉండ చేసి నోటి నుంచి కక్కేస్తుంది. చేతికి తొడుగు వేసుకుని తీసి, గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పుల్లతో విప్పండి. ఎలుక దవడ ఎముకలు, ముందరి పళ్లు పసుపు-నారింజ రంగులో గుర్తుపట్టేలా ఉంటాయి. ఏటి దగ్గర కాబట్టి పీత పెంకు ముక్కలు కూడా రావచ్చు.

చింతచిగురు
ఛీ. కానీ ఫోటోలు పెట్టండి.

బీట్_డైరీ
చెట్టు కొట్టే విషయంలో ఒక మాట. మహారాష్ట్రలో 1964 నాటి చెట్ల నరికివేత చట్టం ఉంది. సొంత పొలంలో ఉన్నా టేకు, ఇప్ప, మామిడి, చింత లాంటివి అనుమతి లేకుండా కొట్టకూడదు. ఇక గూబలకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, గూడు పాడు చేయడం కూడా నేరమే. మీ పెద్దనాన్నను భయపెట్టమని కాదు, రంపం వాళ్లు తర్వాత మాకేం తెలియదంటారు కాబట్టి చెబుతున్నా.

చెలక_గట్టు
దొరికాయి! ఇల్లు తగిలే పెద్ద కొమ్మ కింద తెల్ల చారలు, పక్కనే ఉండలు. విప్పితే పంతులు గారన్న ఎలుక పళ్లే, మూడు ఉండల్లోనూ. ఒకదాంట్లో పీత కాలు కూడా. ఫోటోలు పెట్టాను, చింతచిగురు గారు కళ్లు మూసుకోండి. వడ్ల గాదె దగ్గర ఎలుకల గోల ఎంతో పెద్దమ్మకు తెలుసు, పోయినేడు బస్తాలు కొరికేశాయి. పుర్రె పళ్లు చూపిస్తే తిప్పి తిప్పి చూసింది. "ఇది మన గాదెలోదేనా?" అని అడిగింది. ఏమో కానీ వేరే ఎక్కడిదయి ఉంటుంది అన్నాను.

నైట్‌షిఫ్ట్
కోర్టులో సాక్ష్యం ప్రవేశపెట్టారు.

కొరాపుట్_కాఫీ
ఉండలు గూబ అని మాత్రమే చెబుతాయి, ఏ గూబ అని కాదు. చేపల గూబ కూడా పీతలు తింటుంది. కళ్లతో చూడాలి ఇంకా.

పర్లాకిమిడి_పంతులు
నిజమే. పొద్దుగూకగానే, పూర్తిగా చీకటి పడక ముందు, ఇంటి వాకిట్లోంచి చూడండి. తల మీద కొమ్ముల్లాంటి ఈకలు ఉంటే చేపల గూబో కొమ్ము గూబో. వుడ్ ఔల్‌కు ఉండవు, తల గుండ్రంగా ఉంటుంది. కళ్లు చూడండి. చేపల గూబవి పసుపు, కొమ్ము గూబవి నారింజ, దీనివి నలుపు. ముఖం మీద ఒకదాని చుట్టూ ఒకటి సన్నటి నల్ల వలయాలు, గొంతు కింద తెల్లటి పట్టీ. ఫ్లాష్ వేయొద్దు. ఫోన్లో దాని కూత వినిపించి పిలవొద్దు, గూడు మీద ఉంటే కంగారు పడి గుడ్లు వదిలేయగలదు.

చెలక_గట్టు
మా చెల్లి కొడుకు, పెళ్లిళ్ల ఫోటోలకు వాడే కెమెరా తెచ్చాడు. సాయంత్రం కొమ్మ సందులో కూర్చుని ఉంది. తల గుండ్రం, కొమ్ములు లేవు, నల్ల కళ్లు, వలయాలు. ఫోటో పెట్టాను. ఇంకొకటి వెనక తొర్రలో ఉన్నట్టుంది, తల సగమే కనబడింది.

కొరాపుట్_కాఫీ
ఇదిగో, ఇప్పుడు నాకు ఏ అభ్యంతరమూ లేదు. మాటిల్డ్ వుడ్ ఔల్. అద్భుతమైన ఫోటో.

బరంపురం_బుల్లోడు
చేపల గూబ ఇంకో రోజు దొరుకుతుందిలే. తొర్రలో ఉన్నది పొదుగుతోందేమో, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వీటి కాలమే. ఇప్పుడు రంపం పెడితే పిల్లలతో సహా పోతాయి.

అహేరి_అల్లుడు
ఫోటోలో ముద్దుగానే ఉంది ఒప్పుకుంటా. రాత్రి ఆ గొంతు మాత్రం మార్చుకోమనండి.

చెలక_గట్టు
పెద్దనాన్న రంపం వాళ్లకు ఫోన్ చేసి వద్దన్నాడు. పెంకులకు తగిలే చిన్న కొమ్మ ఒక్కటి వానలు పడ్డాక నరికిస్తాడట, తొర్ర ఉన్న కొమ్మ జోలికి పోడు. పెద్దమ్మ ఇంకా పూర్తిగా నమ్మలేదు, గుమ్మానికి నిమ్మకాయలు మాత్రం కట్టింది. నిమ్మకాయలూ గూబలూ కలిసే ఉండనిద్దాం అనుకున్నాం.

బీట్_డైరీ
మంచి పని. చెలక_గట్టు తమ్ముడూ, మీ ఫోటోలో లొకేషన్ కనబడుతోంది, ఊరి పేరు కూడా ఫైలు పేరులో ఉంది. దీపావళి ముందు గూబలను పట్టి అమ్మేవాళ్లు ఇలాంటి పోస్టులే వెతుకుతారు. వెంటనే తీసేయండి. ఐనాచురలిస్ట్‌లో పెట్టినా లొకేషన్ దాచి పెట్టండి.

చెలక_గట్టు
తీసేశాను అన్నా. ఫైలు పేరు మార్చి మళ్లీ పెట్టాను.

గుణుపురం_గోపి
అందరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి: వంశధార ఇసుక మేటల్లో రాత్రి "పిక్ పిక్ పిక్ పిక్విక్" అని ఈలలాగా పైకి లేస్తూ వినిపిస్తోంది. కప్ప కాదు, ముందే చెబుతున్నా.

నైట్‌షిఫ్ట్
రికార్డింగ్ ఏది?